పెద్ద దెబ్బ ఖరీదు

మైకేల్ జాక్సన్‌ను హీరోగా పెట్టి సేగా కంపెనీ 1990లో ఒక వీడియో గేమ్ తెచ్చింది. పేరు ‘మూన్‌వాకర్’. అందులో ఒక బటన్‌ని కాసేపు నొక్కిపట్టి వదిలితే జాక్సన్ డాన్స్ మొదలుపెడతాడు. అతన్ని చంపడానికొచ్చిన రౌడీలు ఆ పని మరిచిపోయి, అతనితో పాటు వరసకట్టి స్టెప్పులేస్తారు. వీధి సీనులోనైతే వాళ్ళ వెంట వచ్చిన కుక్కలు కూడా వేస్తాయి. డాన్స్ అయిపోగానే అందరూ ఒకేసారి కుప్పకూలతారు. మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వాక మళ్ళీ నొక్కుతారు. ఆ రెండోసారితో అయిపోయినట్టే. ఒక్కో డాన్సు జాక్సన్ ప్రాణంలోంచి సగం దాకా లాగేసుకుంటుంది. రెండు డాన్సులు వరసగా వేయించాక, మూలనుంచి వచ్చిన ఒక్కడు ఒక్క దెబ్బ కొడితే చాలు, జాక్సన్ చచ్చిపోతాడు.

కాంట్రా ఆడినవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ మంచి తుపాకీ దొరికితే ఎంతసేపైనా కాల్చుకోవచ్చు, చచ్చేదాకా అది మనదే. మూన్‌వాకర్‌లో ఆయుధానికి తూటాలు వేరే ఉండవు. ఖర్చయ్యేది మనమే. ఈ ఒక్క నియమం పెట్టినందుకే ఆ ఆట తయారుచేసినవాళ్ళ మీద నాకు గౌరవం. పాటగాళ్ళ పేర్లు పెట్టుకుని వచ్చిన ఆటలు చాలా ఉన్నాయి. 1982లో జర్నీ బ్యాండ్ పేరుతో అటారీ మీద ఒకటి వచ్చింది, 2005లో 50 సెంట్ పేరుతో ఇంకొకటి. వాటిలో చాలామటుకు పోస్టర్ మీద బొమ్మే ఆ మనిషిది, లోపల సరుకు ఎవరిదైనా ఒకటే. ఇందులో మాత్రం డాన్సే ఆయుధం. జాక్సన్‌ని తీసేసి ఇంకొకర్ని పెడితే ఆట నిలబడదు.

ఈ అధ్యాయంలో ఆ ఆట ఆడడం ఎలాగో చెప్పబోతున్నాను. మగ్గం పాళీ దిగి వచ్చిన మనిషికి ఆటలెందుకు, అదీ ముప్పై ఐదేళ్ళ నాటిది, అనేవాళ్ళు ఉంటారు. సూరత్ నగరంలోని భేస్తాన్‌లో, లింబాయత్‌లో, ఉధనాలో నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో మగవాళ్ళకి విశ్రాంతి అంటే రెండే రూపాలు: నిద్ర, ఫోను. ఫోనులో వేలు పైకి తోసుకుంటూ పోతే గంట ఎటు పోయిందో తెలీదు, లేచేసరికి మనసు ఇంకా అలిసిపోయి ఉంటుంది. దానికంటే ఒక అరగంట, పక్కన కొడుకునో కూతురినో కూర్చోబెట్టుకుని, మొదలూ చివరా ఉన్న ఆట ఒకటి ఆడటం మేలని నా అభిప్రాయం. నచ్చకపోతే ఈ అధ్యాయం వదిలేసి తర్వాతిదానికి వెళ్ళండి, ఏమీ అనుకోను.

ముందు సరంజామా

‘స్మూత్ క్రిమినల్’ పాటలో జాక్సన్ నిటారుగా ఉన్న మనిషి ఉన్నట్టే, మోకాలు వంచకుండా, ముందుకు నేలమీదికి ఒరుగుతాడు. ఆ స్టెప్పు చూపించి, సంకల్పం ఉంటే మనిషి గురుత్వాకర్షణనే గెలుస్తాడని చెప్పే ఉపన్యాసాలు నేను విన్నాను. వాస్తవం ఏమిటంటే, సినిమాలో అది తీగల సాయంతో తీశారు. స్టేజీ మీద చేయడానికి ప్రత్యేకంగా బూట్లు చేయించారు. మడమలో గాడి ఉంటుంది, సరైన క్షణానికి స్టేజీలోంచి ఒక మేకు పైకొస్తుంది, మడమని దానికి తగిలించుకుని ఒరుగుతాడు. ఆ బూట్లకి జాక్సన్, మరో ఇద్దరి పేర్ల మీద 1993 అక్టోబరులో అమెరికా పేటెంటు కూడా వచ్చింది. సంకల్పం కావాలి, సాధన కావాలి, కాదనను. కానీ మేకు లేకపోతే బోర్లా పడతాడు. కాబట్టి ముందు మేకు సంగతి చూద్దాం.

ఈ ఆట సేగా మెగా డ్రైవ్ అనే కన్సోల్ కోసం చేసింది. 1988లో జపాన్‌లో వచ్చిన పదహారు బిట్ల యంత్రం అది. అమెరికాలో దాన్ని జెనెసిస్ అన్నారు. మనదేశంలో 1995 ప్రాంతంలో షా వాలెస్ కంపెనీ అమ్మింది. దిగుమతి సుంకం 80 శాతం ఉన్న రోజులు, ధర 18,000 రూపాయలు. మగ్గాల మీద బతికే ఇంట్లోకి అది వచ్చే దారే లేదు. మన ఇళ్ళలోకి వచ్చింది సమురాయ్, ఇంకా పేరూ ఊరూ లేని టీవీ గేములు. వాటిలో పసుపుపచ్చ కేసెట్ గుచ్చితే మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే ఆట వచ్చేవి. రాకపోతే కేసెట్ తీసి, అడుగున ఉఫ్ మని ఊది, మళ్ళీ గుచ్చడం. ఆ పెట్టెల్లో మూన్‌వాకర్ ఆడేది కాదు, అవి వేరే జాతి యంత్రాలు. అందుకే నలభై దాటిన మనవాళ్ళకి మారియో తెలుసు, ఇది తెలీదు.

ఇప్పుడు మొబైల్ సామాన్లమ్మే కొట్లలో గేమ్ స్టిక్ అని దొరుకుతుంది. టీవీ వెనక గుచ్చితే వేల ఆటలు, రెండు రిమోట్ ప్యాడ్లు. ఆ జాబితాలో మెగా డ్రైవ్ ఆటలు కూడా ఉండొచ్చు. కొనే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది: అలాంటి స్టిక్కుల్లో చాలావాటికి ఆ ఆటలు అమ్మే హక్కు లేదు. హక్కుల పట్టింపు ఉన్నవాళ్ళు పాత కేసెట్, పాత యంత్రం సెకండ్ హ్యాండులో వెతుక్కోవాలి. అది ఖర్చుతోనూ ఓపికతోనూ కూడిన పని. ఏ దారి మీదో మీరే తేల్చుకోండి.

ఏదైనా సరే, మొదటి రోజు ఆట ఆడకండి. బటన్లు చూసుకోండి. స్టార్ట్ కాక మెగా డ్రైవ్ ప్యాడ్‌కి ఉన్నవి మూడే: ఏ, బీ, సీ. సీ గెంతడానికి, బీ తన్నడానికి, ఏ మన పెద్ద బటన్. చవక ప్యాడ్ల మీద ఏ అని రాసి ఉన్నది ఆటలోని ఏ అయ్యుండాలని లేదు. మొదటి సీనులో నిలబడి ఒక్కో బటన్ నొక్కి చూసి, పెద్ద బటన్ మీద ఎర్ర టేపు ముక్క అంటించండి. తర్వాత టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటే అది పెట్టండి. ఇప్పటి పలచటి టీవీలు బొమ్మని అందంగా చేసే క్రమంలో రవ్వంత ఆలస్యంగా చూపిస్తాయి, మీరు నొక్కిన తర్వాతెప్పుడో జాక్సన్ గెంతుతాడు. పాత డబ్బా టీవీల్లో ఈ బాధ లేదు.

చివరిది శబ్దం. భేస్తాన్ ఇళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకే గదిలో పగటి పాళీ వాళ్ళు తింటుంటే రాత్రి పాళీ వాళ్ళు పడుకుని ఉంటారు. పక్క గది ఒడియా వాళ్ళది, ఆ పక్కది మరాఠీ వాళ్ళది, వాళ్ళలోనూ ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. ఈ ఆటకి పాటలు ప్రాణం కాబట్టి నోరు నొక్కేసి ఆడితే సగం రుచి పోతుంది. ఎవరూ పడుకోని వేళ చూసుకోండి. మా వాళ్ళు సాయంత్రం ఏడుకి పాళీ మారే సమయాన్ని ఎంచుకుంటారు, అప్పుడు గల్లీ అంతా మేలుకునే ఉంటుంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే స్టార్ట్ నొక్కండి, ఆట ఆగుతుంది.

తలుపులు

కథ చిన్నది. మిస్టర్ బిగ్ అనే దుర్మార్గుడు పిల్లల్ని ఎత్తుకుపోయి దాచాడు. 1988 నాటి ‘మూన్‌వాకర్’ సినిమాలో ఆ వేషం జో పెస్కీ వేశాడు. జాక్సన్ తెల్ల సూటూ టోపీతో వెళ్ళి పిల్లల్ని విడిపించాలి. క్లబ్బు, వీధి, శ్మశానం, గుహ, శత్రువు స్థావరం: ఐదు చోట్లు, ఒక్కో చోట మూడేసి మజిలీలు. క్లబ్బులో అడుగుపెట్టి జాక్సన్ పాటల పెట్టెలోకి ఒక నాణెం విసురుతాడు, ‘స్మూత్ క్రిమినల్’ మొదలవుతుంది. వీధిలో ‘బీట్ ఇట్’, గుహలో ‘బిల్లీ జీన్’, స్థావరంలో ‘బ్యాడ్’. ఇవన్నీ గొంతు లేకుండా, ఆ యంత్రంలోని చిప్పు పలికించే బాణీలే. ఐనా పాట తెలిసినవాళ్ళకి రెండు క్షణాల్లో తెలిసిపోతుంది.

కొత్తవాళ్ళు అందరూ చేసేది ఒకటే: ఎదురొచ్చిన ప్రతివాడితోనూ కొట్లాటకి దిగుతారు. తెర మీద మనిషి కనబడితే తన్నాలి, యాక్షన్ గేమ్ అంటే అంతే కదా. ఈ ఆటలో రౌడీల్ని ఎంతమందిని పడగొట్టారన్నది మజిలీ దాటడానికి పనికిరాదు. పిల్లలందరూ దొరికితేనే మజిలీ ముందుకు కదులుతుంది. వాళ్ళు తలుపుల వెనక, కిటికీల వెనక, కార్ల డిక్కీల్లో, చెట్ల పొదల చాటున ఉంటారు. చాలా తలుపుల వెనక ఏమీ ఉండదు. ఉన్నచోట పసుపుపచ్చ జుట్టు పాప బయటికొచ్చి మైకేల్ అని పిలుస్తుంది, జాక్సన్ ప్రాణం కొంత నిండుతుంది.

పిల్లలున్న చోట్లు ఆట ఆటకీ మారవు. ఇది చాలా పెద్ద వెసులుబాటు. నిన్న తెరిచిన తలుపు ఇవాళా అదే తలుపు. అందుకని పాత నోటుబుక్కు ఒకటి దగ్గర పెట్టుకోండి. మెట్లు, అంతస్తులు గీతలుగా గీసి, పాప దొరికిన చోట చుక్క పెట్టండి. ఈ పని పిల్లలకి అప్పగిస్తే ఎంతో శ్రద్ధగా చేస్తారు. సూరత్ నగరపాలిక గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ బళ్ళో చదివే పిల్లవాడు ఇంట్లో తెలుగులో రాసే సందర్భం హోంవర్కు దాటి పెద్దగా రాదు. ‘మెట్ల కింద రెండో తలుపు’ అని వాడి చేత రాయించండి. వాడికది రాతపని అనిపించదు.

పటం గీశాక అసలు ఎత్తు మొదలవుతుంది. పాపని విడిపిస్తే ప్రాణం నిండుతుందని చెప్పాను. మరి ప్రాణం నిండుగా ఉన్నప్పుడు విడిపిస్తే ఆ నింపుడు వృథా. కాబట్టి పాప ఎక్కడుందో తెలిసినా వెంటనే తలుపు తీయకండి. ముందు ఆ అంతస్తులోని రౌడీల్ని ఖాళీ చేయండి, నాలుగు దెబ్బలు తినండి, తర్వాత తీయండి. ముఖ్యంగా ఆఖరి పాపని. ఎందుకంటే ఆఖరి పాప దొరికిన వెంటనే బబుల్స్ అనే చింపాంజీ వచ్చి జాక్సన్ భుజమెక్కి, మిస్టర్ బిగ్ ఏ దిక్కున ఉన్నాడో చెయ్యి చాపి చూపిస్తుంది. అటు వెళ్తే వాడు కనబడతాడు, తను కొట్లాడడు, ఒక మందని మన మీదికి వదులుతాడు. ఆ మందతో పోరాడేటప్పుడు ఇక విడిపించడానికి పిల్లలు ఉండరు. నింపుకోవడం అక్కడితో సరి. ఎంత ప్రాణంతో వెళ్ళారో అంతే. కోతి వచ్చేసరికి నిండుగా ఉండాలంటే ఆఖరి తలుపు ఎప్పుడు తీశామన్నదే లెక్క.

జీతం పడిన రోజే పండగ సామాను, ఫోను కిస్తీ, ఊరికి టికెట్టు అన్నీ కానిచ్చి, పదో తారీఖుకి చేబదులు తిరిగేవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఏ బటన్

ఏ బటన్ మూడు రకాలుగా పనిచేస్తుంది. కొంచెం నొక్కి వదిలితే జాక్సన్ గిర్రున తిరుగుతాడు, దగ్గరున్నవాడు ఎగిరిపడతాడు. ఇంకాస్త పట్టుకుంటే టోపీ విసురుతాడు. ఇంకా పట్టుకుంటే డాన్సు. పట్టుకున్నంతసేపూ ప్రాణం గీత తరుగుతూ ఉంటుంది. తరగడం కళ్ళముందే కనబడుతుంది, కానీ ఆ క్షణంలో మన కళ్ళు రౌడీల మీద ఉంటాయి, గీత మీద ఉండవు.

పక్కన కూర్చున్న పిల్లలకి ఈ సంగతి పెద్దవాళ్ళకంటే ముందు అర్థమవుతుంది. భేస్తాన్‌లో ఒక ఇంట్లో ఒక సాయంత్రం నేను విన్న మాటలు ఇవి. తండ్రిది వరంగల్ వైపు, ప్యాడ్ ఆయన చేతిలో ఉంది. కొడుకు పదేళ్ళవాడు.

‘బాపూ, దాన్నొత్తకు. పాణం పోతది.’

‘మీదికొస్తున్నరు గదరా!’

‘ఇద్దరే గద. తన్ను.’

‘మరి ఎప్పుడొత్తాలె?’

‘కోతి వచ్చినంక.’

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు బీ బటన్ చాలు, జాక్సన్ కాలి నుంచీ చేతి నుంచీ మెరుపులు రాలతాయి, ఆ దూరం నుంచే తగులుతుంది. వాళ్ళు రెండు వైపుల నుంచీ వస్తే ఒక మెట్టెక్కండి, ఇద్దరూ ఒకే వైపు నుంచి రావలసి వస్తుంది. పెద్ద బటన్ మంద కోసం.

డాన్సు ఎప్పుడు వాడాలో ముందే నిర్ణయించుకుని కూర్చోండి. ‘ఈ మజిలీలో ఒక్కసారి, ఆఖర్లో’ అని పైకి అనండి. పక్కవాడికి వినబడాలి. మనసులో అనుకున్నది మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది. పైకి అన్నది ఉల్లంఘిస్తే పదేళ్ళవాడు పట్టుకుంటాడు, అంత సిగ్గు ఇంకెక్కడా దొరకదు. ఇంట్లో కోపం తెచ్చుకునేవాళ్ళు కూడా ఇదే పద్ధతి చేసి చూడొచ్చు. అరిస్తే ఇల్లంతా సద్దుమణుగుతుంది, నిజమే, పని జరుగుతుంది. గీత ఎంత తరిగిందో అరిచినవాడికి కనబడదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆ బటన్ నొక్కినవాడికి, కొడుకు నిజంగా తప్పుదారి పట్టిన రోజున నొక్కడానికి ఏమీ మిగలదు. ఇంట్లోవాళ్ళు ఆ డాన్సు చూసి చూసి అలవాటుపడి ఉంటారు.

చుక్క రాలితే

ఇప్పుడు ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. కొన్ని మజిలీల్లో ఫలానా పాపని అందరికంటే ముందు విడిపిస్తే ఆకాశం నుంచి ఒక చుక్క రాలుతుంది. దాన్ని అందుకుంటే జాక్సన్ రోబో అయిపోతాడు. గాల్లో ఎగరగలడు, లేజర్ వదలగలడు, క్షిపణులు వేయగలడు. రౌడీల్ని ఊడ్చేయొచ్చు. కాసేపే ఉంటుంది, కానీ ఆ కాసేపూ ఎదురుండదు.

ఒకే ఒక్క పని మాత్రం రోబో చేయలేడు. పిల్లల్ని విడిపించలేడు. ఏ పని కోసం బయల్దేరాడో అది తప్ప మిగతావన్నీ వచ్చు.

సూరత్ మగ్గాల ఖాతాల్లో, అంటే కార్ఖానాల్లో, పాళీ అంటే పన్నెండు గంటలు. అవతలి పాళీ మనిషి రాకపోతే అదే నిలబడుడు ఇరవై నాలుగు గంటలైన రోజులు ఉన్నాయని ఆ పనిలో ఉన్నవాళ్ళంతా చెబుతారు. మీటర్ల లెక్కన జీతం కాబట్టి డబుల్ పాళీ చేస్తే నెలాఖరున చేతికి ఎక్కువ వస్తుంది. ‘ఎవరి కోసం చేస్తున్న? పిల్లల కోసమే గదా’ అంటారు. నిజమే. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి పద్మశాలీలు ఇంత దూరం వచ్చిందే పిల్లలు మగ్గం గుంటలో కూర్చోకూడదని. డబుల్ పాళీ చేయొద్దని నేను చెప్పను. అద్దె కట్టేది నేను కాదు. చుక్క రాలినప్పుడు అందుకోండి, ఊడ్చేయవలసినవి ఊడ్చేయండి, అప్పు తీర్చేయండి. కానీ రోబోగా ఉన్నంతసేపూ తలుపులు తెరుచుకోవని ఇంట్లో చెప్పి ఉండండి. ఎప్పుడు దిగుతారో కూడా చెప్పండి. ‘ఈ నెల మూడు డబుల్, ఆ అప్పు తీరేదాకా’ అనేదానికీ, ‘చూద్దాం’ అనేదానికీ తేడా పిల్లలకి బాగా తెలుసు.

ఆటలో కూడా కొంతమంది చుక్క కోసమే ఆడతారు. రోబో అవుతారు, మజిలీ అంతా తిరిగి పేల్చి ఆనందిస్తారు, రూపం దిగేసరికి విడిపించవలసిన పిల్లలు ఎక్కడివాళ్ళక్కడే ఉంటారు. రోబోగా మారిన వెంటనే, పటంలో ఎక్కువ చుక్కలున్న అంతస్తుకి ఎగిరి వెళ్ళి ఆ చుట్టుపక్కలే శుభ్రం చేయండి. రూపం దిగాక మీరు నిలబడి ఉండవలసింది తలుపుల ఎదుట.

శ్మశానం

మూడో చోటు శ్మశానం. సమాధుల్లోంచి శవాలు లేస్తాయి, డాన్సు బటన్ నొక్కితే అవీ స్టెప్పులేస్తాయి. ఇక్కడ ‘థ్రిల్లర్’ మోగాలని ఎవరైనా ఆశిస్తారు. మొదట్లో వచ్చిన కేసెట్లలో డాన్సుకి ఆ ముక్క ఉండేది, తర్వాతి వాటిలో తీసేసి ‘అనదర్ పార్ట్ ఆఫ్ మీ’ పెట్టారు. ఆటలో మిగిలిన పాటలన్నీ జాక్సన్ స్వయంగా రాసుకున్నవి. ‘థ్రిల్లర్’ మాత్రం రాడ్ టెంపర్టన్ రాసింది. తేడా అక్కడ వచ్చినట్టుంది. తెలుగువాళ్ళకి ఆ లోటు తెలీదు. శవాల డాన్సు అనగానే మన తలలో మోగేది 1985 నాటి ‘దొంగ’లో చిరంజీవి పాట. ఎర్ర బట్టల్లో చిరంజీవి, వెనక దయ్యాల గుంపు. దాన్ని చూసి తెల్లవాళ్ళు ఇంటర్నెట్‌లో తెగ నవ్వుకున్నారు గానీ, లక్షలమంది తెలుగు పిల్లలకి జాక్సన్ అనేవాడు ఒకడున్నాడని మొదట చెప్పింది ఆ పాటే. 1996 నవంబరు 1న జాక్సన్ ముంబై అంధేరీలో ప్రదర్శన ఇచ్చినప్పుడు సూరత్ నుంచి రైలెక్కితే కొన్ని గంటల దూరం. మగ్గం మీద ఉన్నవాళ్ళకి ఆ టికెట్టు అందేది కాదు, అది వేరే మాట.

శ్మశానంలోనే చాలామంది ఆట వదిలేస్తారు. క్లబ్బూ వీధీ దాటిన ఊపులో వస్తారు, శవాలు కింద నుంచి లేస్తూనే ఉంటాయి, నిలబడ్డ చోట నిలబడితే చుట్టుముడతాయి. ఇక్కడ ఉపాయం కదులుతూ ఉండటం. ఒకటి పడ్డాక రెండోదాన్ని వెతుక్కుంటూ ఆగకండి, తర్వాతి పొద వైపు నడవండి. ఎన్ని పడగొట్టామన్న లెక్క ఇక్కడ అసలు పెట్టుకోవద్దు.

చచ్చిపోయినప్పుడు ఏం చేయాలి? చచ్చిపోతారు, అది ఖాయం. ఆ కేసెట్‌లో ఆటని దాచుకునే ఏర్పాటు లేదు. ప్రాణాలన్నీ అయిపోయి ఆట ముగిసిందంటే క్లబ్బు నుంచి మళ్ళీ రావలసిందే. గేమ్ స్టిక్కుల్లో ఎక్కడివాళ్ళం అక్కడే దాచుకునే సదుపాయం ఉంటుంది. దాన్ని వాడొచ్చా అని అడుగుతారు. వాడండి, కానీ మజిలీ మొదట్లో మాత్రమే. ప్రతి దెబ్బకీ ముందు దాచుకుని, తగిలితే వెనక్కి వెళ్ళి ఆడేవాళ్ళకి ఆట పూర్తవుతుంది గానీ చెయ్యి రాదు. నాలుగు రోజుల తర్వాత అదే మజిలీ పెడితే మళ్ళీ కొత్తే.

ఇంకొకటి. చచ్చిపోయిన వెంటనే మళ్ళీ మొదలుపెట్టకండి. మగ్గం మీద పోగు తెగితే సాంచ ఆపి, తెగిన కొస ఎక్కడుందో పట్టుకుని, ముడేసి, అప్పుడు నడుపుతారు. తెగిన పోగుతో నడిపితే గుడ్డలో చార పడుతుంది, సేఠ్ మీటర్లు కోసేస్తాడు. అలాగే ఇక్కడ కొస పట్టుకోండి: ఏ దెబ్బకి పోయాం? ఆ దెబ్బకి ముందు ప్రాణం ఎందుకు తక్కువైంది? చాలాసార్లు జవాబు చంపినవాడి దగ్గర దొరకదు. అంతకు మూడు తలుపుల ముందు, ఇద్దరి మీద అనవసరంగా వేసిన డాన్సు దగ్గర దొరుకుతుంది. అది నోటుబుక్కులో ఒక వాక్యంగా రాయండి, చాలు. పేజీ నింపకండి.

రోజుకి అరగంట దాటనివ్వకండి. అరగంట దాటాక మీరు ఆడటం మానేసి పగ తీర్చుకోవడం మొదలుపెడతారు. పగ తీర్చుకునేవాడి వేలు ఎర్ర టేపు మీదికే పోతుంది, నేను చూసినంతవరకూ దీనికి మినహాయింపు లేదు.

ఆఖరి సంగతి, ముందే తెలిస్తే మంచిది. ఐదు చోట్లూ దాటాక మిస్టర్ బిగ్‌తో అసలు పోరు వస్తుంది. అప్పటిదాకా మీరు నేర్చుకున్నదేదీ అక్కడ పనికిరాదు. తలుపులుండవు, పిల్లలుండరు, డాన్సు లేదు. అంతరిక్షంలో ఓడ, ముందు కూర్చుని గురిపెట్టి కాల్చడం. ఆట తయారుచేసినవాళ్ళకి ఆ ఆలోచన ఎందుకొచ్చిందో గానీ, అన్ని మజిలీలు కష్టపడి వచ్చిన మనిషిని పరాయి ఆటలోకి తోసినట్టుంటుంది. మొదటిసారి ఓడిపోతే మీ తప్పు అనుకోకండి. అక్కడికి చేరే ముందు, స్థావరం ఆఖరి మజిలీ మొదట్లో, ఆట దాచి పెట్టుకోండి. ఆపైన ప్యాడ్ పిల్లవాడి చేతికిచ్చి మీరు నోటుబుక్కు పట్టుకోండి. గురిపెట్టి కాల్చే ఆటలు వాళ్ళు ఫోనులో రోజూ ఆడేవే, మీకంటే త్వరగా పట్టేస్తారు.